రాజశేఖరం కారు, జయంతి ఉద్యోగం

యద్దనపూడి సులోచనారాణి గారు 2018 మే 18న కాలిఫోర్నియాలోని కుపర్టినోలో కన్నుమూశారని విన్నప్పుడు మాకు విచారంతో పాటు ఆశ్చర్యమూ కలిగింది. కృష్ణా జిల్లా కాజ గ్రామంలో పుట్టి, హైదరాబాదులో ఉంటూ ఇన్ని నవలలు రాసిన ఆవిడ చివరి రోజులు మన ప్రవాసుల మధ్యే గడిచాయన్నమాట. ఆ వారం డ్యూటీ లేని రాత్రుల్లో 'సెక్రటరీ' మళ్ళీ చదివాం. మొదటిసారి చదివింది ఇంటర్మీడియెట్ రోజుల్లో, బాటనీ పుస్తకం మధ్యలో దాచుకుని. అట్ట ఊడిపోయిన ఆ ప్రతి అమ్మది.

సులోచనారాణి పేరెత్తితే మన విమర్శకులు పెదవి విరుస్తారు. పగటికలలు అమ్ముకున్నారంటారు. అది పూర్తిగా అబద్ధమని మేమూ అనం. ఆ కథానాయకుడు పొడగరి, అందగాడు, ధనవంతుడు. గుమ్మం ముందు పెద్ద కారు ఆగుతుంది. ఆ ఆస్తి ఎక్కడిదని ఎవరూ అడగరు. రెండు నిమిషాలు మాట్లాడుకుంటే తీరిపోయే అపార్థం వంద పేజీలు సాగుతుంది. (డాక్టర్లం కనుక ఇంకో మాట: ఈ కోవ నవలల్లో జబ్బులు కూడా కథ అవసరాన్ని బట్టి వచ్చి, అవసరం తీరగానే తగ్గిపోతాయి!)

అయితే మాకు ఈసారి కారు కంటే జయంతి ఉద్యోగమే ఎక్కువగా కనిపించింది. 1960ల నాటి మాట అది. మధ్యతరగతి ఇంటి పిల్ల ఆఫీసుకు వెళుతోందంటే వీధి అరుగుల మీద చర్చ జరిగే కాలం. జయంతికి రాజశేఖరం మీద మనసుంది, అతని దయ మీద మాత్రం లేదు. ఆ అపార్థాలన్నిటి అడుగునా ఉన్నది ఈ పట్టుదలే. ప్రేమించినవాడి ముందైనా చేయి చాచకుండా బతకడం ఎలా అన్నదే ఆమె బాధ. దాన్ని ఉత్త పగటికల అని తీసిపారేయడం మాకు న్యాయంగా తోచలేదు.

సినిమా వాళ్ళు ఈ నవలల వెంట పడ్డారు. 'విజేత' 1972లో 'విచిత్రబంధం' అయింది. 1973లో 'మీనా', 'జీవన తరంగాలు', 1976లో అక్కినేని, వాణిశ్రీలతో 'సెక్రటరీ' వచ్చాయి. 'మీనా'లో రచయిత్రి తన లెక్కను తానే తిరగేశారు. అక్కడ డబ్బు అమ్మాయిది, పల్లెటూరు, పొలం బావవి. 2016లో 'అ ఆ' చూసిన మన పెద్దవాళ్ళు ఆ కథను ఇట్టే గుర్తుపట్టారు.

ఇక్కడి మన సంగతి కొంచెం చెప్పుకోవాలి. తర్వాతి తరంలో రాజశేఖరం అమెరికా సంబంధంగా మారాడని మా అనుమానం. కారు, ఇల్లు, హోదా అన్నీ సరిపోయాయి. కానీ అతన్ని చేసుకుని వచ్చిన జయంతులు, ఇంజనీరింగూ వైద్యమూ చదివినవాళ్ళు, హెచ్-4 వీసా మీద ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చున్నారు. 2015 మే నెలలో గానీ వారిలో కొందరికైనా పనిచేసే అనుమతి దొరకలేదు.

అలా కూర్చున్న మా స్నేహితురాలు ఒకామెకు 'సెక్రటరీ' ఇచ్చాం. రెండు రోజుల్లో చదివేసి ఫోను చేసింది. రాజశేఖరం ఊసే ఎత్తలేదు. "జయంతికి పొద్దున్నే తయారై వెళ్ళడానికి ఒక చోటుంది, చూశారా?" అంది. కాసేపాగి, "పెళ్ళయ్యాక ఆ ఉద్యోగం ఏమైంది?" అని అడిగింది.

పుస్తకం తిరిగి రాగానే చివరి పేజీలు మళ్ళీ వెతికాం. ఆ సంగతి సులోచనారాణి గారు రాయలేదు.