త్రీనాట్‌త్రీ మీది శాసనం

మా ఆలేరు దగ్గరి కొలనుపాకలో శాసనం చదివేవాళ్లు ముందు రాజు పేరు వెతుకుతారు, ఆ తర్వాత శక సంవత్సరం. పాత త్రీనాట్‌త్రీ రైఫిలును చదవడమూ అంతే. బోల్టు వెనక, చెయ్యి పట్టే చోట, కుడివైపు ఉక్కు పట్టీ మీద కిరీటం, రాజు పొడి అక్షరాలు, తయారైన చోటు, సంవత్సరం, నమూనా ఉంటాయి. వీ.ఆర్. అంటే విక్టోరియా, 1901 దాకా. ఈ.ఆర్. ఏడో ఎడ్వర్డ్, 1910 దాకా. చిక్కంతా జీ.ఆర్. దగ్గరే. ఐదో జార్జికీ ఆరో జార్జికీ అవే అక్షరాలు, పక్కనున్న ఏడాది చూసి తేల్చుకోవాలి. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ రైఫిళ్ల మీద జీ.ఆర్.ఐ. అని ఇంకో అక్షరం అదనం. మనకాయన చక్రవర్తి (ఇంపరేటర్) కూడా కదా! స్వాతంత్ర్యం వచ్చాక కిరీటం పోయి అశోకుడి సింహాలొచ్చాయి.

పోలీసుశాఖలో తుపాకులు బాగుచేసి రిటైరైన మా బావ దగ్గర నేర్చిన విద్య ఇది. “పట్టీ మీద ఏడాది సూసి సంబురపడకు, గొట్టం మీదిది గూడ సూడు” అంటాడు. గొట్టం మారిస్తే దాని ఏడాది వేరే. బోల్టు నంబరూ బాడీ నంబరూ కలవకపోతే రెండు తుపాకులు కలిసి ఒకటైనట్టే. ముందు కొయ్యకు రాగి తీగ చుట్టి ఉంటే ఊళ్లో చేసిన మరమ్మతనుకుంటారు చాలామంది. కాదు, గ్రెనేడ్లు పేల్చే దెబ్బకు కొయ్య పగలకుండా సర్కారు చుట్టించిందే అది.

సర్కారు రైఫిలును అమ్మేస్తే రెండు బాణం గుర్తులు మొనకు మొన ఆనించి కొట్టేవారు. మరి గుంజుకుంటే? 1946 నుంచి 1951 దాకా తెలంగాణ సాయుధ పోరాటంలో మా జిల్లాలో జరిగింది అదే. గుతప కర్రలు, ఒడిసెలలతో మొదలైన దళాలు మందు కూరి పేల్చే బర్మార్లు పట్టాయి, తర్వాత పోలీసుల రైఫిళ్లే గుంజుకున్నాయి. ఆ పోరాటంలో ఉన్న కొలనుపాక ఆరుట్ల కమలాదేవి 1952లో మా ఆలేరు నుంచే శాసనసభకు గెలిచింది. అట్లా చేతులు మారిన రైఫిలుకు కొత్త ముద్ర ఎవరు కొడతారు? ఊళ్లో చేసిన బర్మారు మీదైతే రాజూ లేడు, ఏడాదీ లేదు. నా దృష్టిలో ఈ తుపాకుల చరిత్ర ముద్రల్లో సగమే, మిగతా సగం కాగితం మీద ఉండాలి.

అందుకే మ్యూజియంలు నడిపేవారికి ఒక మనవి. చీటీ మీద ‘పాత రైఫిలు’ అని రాసి వదిలేయకండి. నంబరు, ఏడాదితో పాటు అది దొరికిన ఊరి పేరూ రాయండి. ఇంట్లో పాత తుపాకి బయటపడితే పాతదే కదా అని దాచుకోవద్దు. 1959 ఆయుధాల చట్టం మినహాయించేది బాగుచేసినా పేలనివాటినే. పోలీసులకు చెప్పండి. తుప్పు పోవాలని గరుకు కాగితం పెట్టి మాత్రం రుద్దకండి, ముందు పోయేవి ఆ అక్షరాలే.