పాదాలకు నోటీసు పీరియడ్

కార్తీకం రాగానే హైటెక్ సిటీ లిఫ్టుల్లో చెప్పుల్లేని కాళ్లు కనిపిస్తాయి. మెడలో రుద్రాక్షమాల, దాని పక్కనే కంపెనీ ఐడీ కార్డు, భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు. ముందు అయ్యప్ప స్వాములు వస్తారు, సంక్రాంతికి అటూ ఇటూగా శివస్వాములు మొదలవుతారు. ఆ కొన్నాళ్లూ మేనేజరూ స్వామే, గేటు దగ్గర బ్యాగులు చూసే సెక్యూరిటీ ఆయనా స్వామే. అప్రైజల్‌లో మనకు కోత పెట్టినవాడు కూడా 'స్వామీ' అని పిలిస్తే 'స్వామీ' అని పలకాల్సిందే.

ఈసారి నేనూ ఆ గుంపులో చేరాను. శివరాత్రికి శ్రీశైలం నడిచి వెళ్లాలని సంకల్పం. 765వ జాతీయ రహదారి పట్టుకుంటే రెండు వందల కిలోమీటర్లకు పైమాటే. తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి, డిండి దాటి మన్ననూరు చేరాలి. అక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అడవి. ఆపైన దోమలపెంట, లోయలోకి దిగి కృష్ణ దాటి మళ్లీ ఘాట్ ఎక్కితే మల్లన్న గుడి. కారులో పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి చేరే దూరం ఇది. కాళ్లకు వారం పైన పడుతుంది.

మా ఐటీ కారిడార్‌లో నడక అనగానే అందరూ చేతి గడియారం చూపిస్తారు. రోజుకు పదివేల అడుగులు! ఈ లెక్క డాక్టర్లు తేల్చిందేమీ కాదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఓ పరికరాన్ని అమ్మడానికి దానికి 'పదివేల అడుగుల మీటరు' అని పేరు పెట్టారు, ఆ అంకె లోకమంతా పాకింది. పదివేల అడుగులంటే దాదాపు ఏడు కిలోమీటర్లు. యాత్రలో రోజుకు పాతిక, ముప్పై నడవాలి. అంటే గడియారం చప్పట్లు కొట్టి సంబరం చేసుకున్న చోటు నుంచి ఇంకా ముప్పై వేల అడుగులు మిగిలే ఉంటాయి. మర్నాడు మళ్లీ మొదటి నుంచి.

మా గురుస్వామి ఆఫీసు గేటు దగ్గర డ్యూటీ చేసే ఆయనే. అచ్చంపేట వైపు మనిషి, ఏళ్లుగా నడుస్తున్నవాడు. మా టీంలో కుర్రాడొకడు యాత్ర కోసమని ఖరీదైన బూట్లు కొని తెచ్చి చూపించాడు. గురుస్వామి ఒక బూటు చేతిలోకి తీసుకుని, బొటనవేలితో లోపలి మడమ భాగం నొక్కి చూశాడు.

"మంచిగనే ఉన్నయ్ స్వామీ. గని పొద్దుగాల పోయి కొన్నవా?"

"అవును స్వామీ."

"పొద్దుగూకినంక పోవాలె. అప్పటికి కాళ్లు ఉబ్బుతయ్ గద. ఇంకో నంబరు పెద్దది తీస్కో. గవి పాతవడేదాంక ఇక్కడ్నే నడువు, దారిల కాదు."

తర్వాత అందరినీ కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పాడు. "యాడ ఎచ్చగ తగిలితే ఆడ్నే ఆగాలె. ఇంకో కిలోమీటరు పోయి చూద్దమంటే బొబ్బే." డాక్టర్లు చెప్పేదీ ఇదే. చెమటకు నానిన చర్మం బూటుకో మేజోడుకో అతుక్కుని ఒక వైపు లాగుతుంది, లోపలి ఎముక ఇంకో వైపు కదులుతుంది. మధ్యలో చర్మం పొరలు విడిపోయి నీరు చేరుతుంది. ఆ వేడి తగిలిన నిమిషంలోనే బూటు విప్పి, పాదం ఆరబెట్టి, మెడికల్ షాపులో దొరికే తెల్ల ప్లాస్టర్ అంటిస్తే పని అయిపోతుంది. ఆగడానికి సిగ్గుపడితే మూడు రోజులు కుంటాలి. తొడలు ఒరుసుకోకుండా కొబ్బరినూనె, కాలి గోళ్లు నాలుగు రోజుల ముందే కత్తిరించుకోవడం, మేజోళ్లు మధ్యాహ్నానికోసారి మార్చడం. ఆయన చెప్పినవన్నీ ఇలాంటి చిన్న పనులే. వాట్సాప్ గ్రూపులో మావాళ్లు పెట్టిన పదహారు వరుసల ఎక్సెల్ షీటులో ఇవేవీ లేవు. డ్రోన్ కెమెరా ఉంది.

దీక్ష నియమాలు మళ్లీ చదువుకుంటే నాకొకటి తోచింది. మండలం అంటే 41 రోజులు. తెల్లవారుజామున చన్నీటి స్నానం, నేల మీద పడక, ఒంటిపూట భోజనం, చెప్పుల్లేని నడక. భక్తి సంగతి పెద్దలకు వదిలేద్దాం. నడకకు తయారయ్యేవాడికి ఇంతకంటే మంచి శిక్షణ ఎవరు రాసిస్తారు? దారిలో పడుకునేది బడి వరండాలో, ఫంక్షన్ హాలు గచ్చు మీద. తిండి ఎవరో పెట్టిన అన్నదానం దగ్గర, వాళ్లు పెట్టిన వేళకు. లేవడం మూడింటికి, ఎండ ముదరకముందే దూరం లాగేయడానికి. 41 రోజుల్లో ఒంటికి ఇవన్నీ అలవాటు చేసి మరీ పంపుతుంది దీక్ష. అరికాలు గట్టిపడటానికీ ఆ మాత్రం గడువు కావాలి.

మా దగ్గర వచ్చిన చిక్కల్లా ఒకటే, దీక్షలో బట్టలు మిగిలాయి, నడక జారిపోయింది. చెప్పుల్లేకుండానే ఉంటాం, కాని ఇంటి టైల్స్ మీంచి క్యాబ్‌లోకి, క్యాబ్‌లోంచి ఏసీ గ్రానైట్ మీదికి. ఆ అరికాళ్లతో ఫిబ్రవరి మధ్యాహ్నం కల్వకుర్తి తారురోడ్డు మీద నిలబడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. చెప్పుల్లేకుండా నడుస్తానని మొక్కుకున్నవాళ్ల సంగతి వేరు. మొదటిసారి వెళ్లే కుర్చీ ఉద్యోగులు బూట్లేసుకుని నడవడంలో మల్లన్నకు వచ్చే లోటేమీ లేదని నా నమ్మకం. గురుస్వామి మాత్రం వట్టి కాళ్లతోనే వస్తాడు.

సాధనకు మా ప్రాంతం బాగుంటుందని చెప్పలేను. కొండాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా ఫుట్‌పాత్ ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది. ఒక ముక్క ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆగిపోతుంది, ఇంకోటి టిఫిన్ బండికి పోతుంది, మిగిలింది బైకులది. పనిదినాల్లో దుర్గం చెరువు గట్టో, కొత్తగూడ బొటానికల్ గార్డెనో చాలు. శనివారం మాత్రం చీకటితోనే గచ్చిబౌలిలో బయల్దేరి నార్సింగి మీదుగా చిలుకూరు బాలాజీ దాకా, సుమారు 20 కిలోమీటర్లు. వీసా వచ్చాక 108 ప్రదక్షిణలు చేసిన కాళ్లకు ఆ గుడి కొత్తేమీ కాదు, అక్కడికి నడిచి రావడమే కొత్త. ఆదివారం తెల్లారి మళ్లీ నడవాలి, అదే ముఖ్యం. మొదటి రోజు ఎవరైనా నడుస్తారు. రెండో రోజు మంచం దిగుతూనే పిక్కలు పట్టేసినప్పుడు బయల్దేరగలమా లేదా అన్నదే పరీక్ష. ట్రెడ్‌మిల్ ఇక్కడ పనికిరాదు. రోడ్డు అంచు ఎప్పుడూ ఒక పక్కకు వాలి ఉంటుంది, ఆ వాలుకు ఒక మోకాలు ముందుగా అలుస్తుంది. ఆ సంగతి రోడ్డు మీదే తెలుస్తుంది. ఆఫీసు మెట్లు ఎక్కి లిఫ్టులో దిగేవాళ్లు ఆ పని తిరగేయాలి. బరువు మోస్తూ సాగే తొడ కండరానికి దిగుడే ఎక్కువ దెబ్బ.

ఆత్మకూరు వైపు పాత అడవి దారిలో వెళ్లేవాళ్లను అడిగినా అదే చెబుతారు. వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు దాటి భీముని కొలను లోయలోకి దిగాలి, వెంటనే కైలాసద్వారం దాకా మెట్లెక్కాలి. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడంటే ఎక్కేవాళ్ల కష్టం చూసే కదా. మద్రాసు సుప్రీం కోర్టు ఉద్యోగి ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయల్దేరి, ఈ దారినే శ్రీశైలం చూసుకుని వెళ్లాడు. మనలాగే ఆఫీసు మనిషి. కాకపోతే ఆయనకు పల్లకీ ఉంది, మోయడానికి బోయీలున్నారు. వాళ్ల అరికాళ్లు ఏమయ్యాయో మరి.

ఉగాదికి శ్రీశైలానికి కన్నడ భక్తులు వస్తారు. భ్రమరాంబ వాళ్లకు ఇంటి ఆడపడుచు. పుట్టింటివాళ్లు చూడటానికి వచ్చినట్టు, మార్చి ఎండల్లో వందల కిలోమీటర్లు నడిచి వస్తారు. కొందరు కర్రకాళ్ల మీద కూడా! వాళ్ల నడక చూస్తే మన తొందర మీద సిగ్గేస్తుంది. మహారాష్ట్ర వార్కరీ యాత్రికులు ఆళంది నుంచి పండరిపురం దాకా ఉన్న 250 కిలోమీటర్లకు సుమారు మూడు వారాలు తీసుకుంటారు. పుణెలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు 'ఐటీ దిండి' (దిండి అంటే నడిచే బృందం) పేరుతో అందులో కొంత దూరం కలుస్తారు. మా గ్రూపులో మాత్రం శ్రీశైలం ఐదు రోజుల్లో కొట్టేద్దామన్న ప్రతిపాదన వచ్చింది. స్ప్రింట్ ప్లానింగ్ మరి. గురుస్వామి ఒప్పుకోలేదు. అందరికంటే మెల్లగా నడిచేవాణ్ని ముందు పెట్టి, వాడి వెనక మిగతావాళ్లను నడిపించడం ఆయన పద్ధతి.

శివరాత్రి రాత్రి శ్రీశైలంలో పాగాలంకరణ జరుగుతుంది. చీరాల వైపు నేత కుటుంబం రోజుకో మూర చొప్పున ఏడాదంతా నేసిన పాగాను ఆలయ విమానం నుంచి ముఖమండపం నందులను కలుపుతూ చుడతారు. ఏడాదికి సరిపడా బట్టను ఆఖరి నెలలో కూర్చుని నేయరు. కారిడార్‌లో వాయిదాలు వేసే మావాళ్లకు ఈ సంగతి చెబుతూ ఉంటాను.

మొదటిసారి నడవాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. సెలవు ఇప్పుడే అడగండి, బూట్లు ఇప్పుడే తొడగండి. ఎండలో ఉత్త నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పడిపోతుంది, ఓఆర్ఎస్ ప్యాకెట్టో, ఉప్పేసిన మజ్జిగో ఉండాలి. చీకట్లో రోడ్డుకు కుడివైపున, బండ్లకు ఎదురుగా, మెరిసే పట్టీల జాకెట్టుతో నడవండి. మన్ననూరు దగ్గర అటవీ గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసి ఉంటుంది, మజిలీలు దాన్ని బట్టి వేసుకోండి. గేటు దాటాక అడవిలో పారేయకుండా మీ నీళ్ల సీసా మీ సంచిలోనే ఉండాలి. షుగరు ఉన్నవాళ్లకు అరికాలి స్పర్శ తగ్గి, గురుస్వామి చెప్పిన ఆ వేడి తెలియకపోవచ్చు. వాళ్లు ముందు డాక్టరుకు పాదాలు చూపించుకోండి. ఆయన వద్దంటే మొండికెయ్యకండి, హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండు నుంచి శ్రీశైలానికి రోజూ బస్సులున్నాయి.