బెల్లం పొయ్యి మొరాయిస్తే

ఎలమంచిలి చుట్టుపక్కల ఊళ్లలో గానుగ ఆడుతోందన్న సంగతి దూరం నుంచి వచ్చేవాడికి ముందు పొగే చెబుతుంది. అదే పొగ పొయ్యి దగ్గర కూర్చున్నవాడికి ఇంకా చాలా చెబుతుంది. తెల్లగా, బరువుగా నేలబారున పాకుతుంటే పిప్పి పచ్చిగా ఉందన్నమాట. నల్లగా సుడులు తిరుగుతుంటే మంటకు గాలి చాలడం లేదు. ఉందో లేదో అన్నట్టు పలచగా లేస్తుంటే పొయ్యి కుదిరింది, ఇక పెనం సంగతి చూసుకోవచ్చు.

అనకాపల్లి బెల్లానికి ఉన్న పేరంతా మార్కెట్‌దీ మట్టిదీ అనుకుంటాం. నా లెక్కలో అందులో పెద్ద వాటా పొయ్యిది. వంద కిలోల చెరకు ఆడితే ఇంచుమించు అరవై కిలోల రసం వస్తుంది, దాన్నుంచి పది కిలోల బెల్లం దిగుతుంది. మిగిలిన యాభై కిలోలూ నీరే. ఆ నీటినంతా ఆవిరి చేయాలి. అందుకు బయటి నుంచి కట్టెలు కొంటే గిట్టుబాటు కాదు. గానుగ వదిలేసిన పిప్పే వంటచెరకు. గానుగలోంచి అప్పుడే వచ్చిన పిప్పిలో సగానికి దగ్గరగా తడే ఉంటుంది. దాన్ని ఎండలో పరిచి, తిరగేసి, గలగలలాడేదాకా ఆరబెట్టకుండా పొయ్యిలో తోస్తే, రసాన్ని మరిగించాల్సిన వేడి ముందు పిప్పిలో నీటినే మరిగిస్తుంది. ఎండలేని రోజుల్లో గానుగ దగ్గర మొదలయ్యే చికాకులన్నిటికీ మూలం ఇదే.

పొయ్యి మొరాయించినప్పుడు తెలిసినవాడు పెనం వైపు చూడడు. కింద నుంచి మొదలుపెడతాడు. బూడిద గొయ్యి నిండిందా? నిండితే కింది నుంచి గాలి ఆడదు, పైన ఎంత పిప్పి తోసినా నల్లపొగే. అది బాగుంటే పెనం అంచు. పెనానికీ పొయ్యి గట్టుకూ మధ్య మట్టి మెత్తిన చోట పగుళ్లుంటే చల్లగాలి పక్కదారిన లోపలికి దూరి, గొట్టం లాగే బలాన్ని తినేస్తుంది. ఆ తర్వాతే పొగగొట్టం. కాలుతున్న ఎండుటాకును పొయ్యి నోటి దగ్గర పట్టుకుంటే చాలు. జ్వాల లోపలికి వంగితే గొట్టం లాగుతోంది. నిటారుగా నిలబడినా, ముఖం మీదికి తిరిగినా మసి పేరుకుని దారి మూసుకుపోయింది. ఈ వరుస తప్పి, మంట మందగించగానే పిప్పి రెట్టింపు తోసేవాళ్లున్నారు. దాంతో ఉన్న గాలి దారి కూడా మూసుకుపోతుంది.

పెనంలో ఒక పక్కే తెర్లి, రెండో పక్క నిద్రపోతోందంటే అది వేరే జబ్బు. మంట తిన్నగా గొట్టం వైపు పరుగెత్తుతోంది. పిప్పి అంతా నోటి దగ్గరే పడేయకుండా కొంచెం కొంచెంగా, లోపల అటూ ఇటూ విసరడంలోనే మంట వేసేవాడి పనితనం ఉంది. గంటల తరబడి ఒకే లయలో విసిరే ఆ చేతికి కూలి లెక్కలో ప్రత్యేకమైన విలువ కట్టకపోవడం అన్యాయమని నాకనిపిస్తుంది.

పైన పెనంలో జరిగేది ఇంకో శాస్త్రం. రసం వేడెక్కగానే మడ్డి నురుగులా పైకి తేలుతుంది. తెర్లు పట్టకముందే జల్లి గరిటెతో తీసేయాలి, ఆలస్యమైతే తిరిగి రసంలో కలిసిపోతుంది. బెండ కాడలను నలిపి తీసిన జిగురు ఆ మడ్డిని పోగు చేస్తుంది. చెరకు రసానికి సహజంగానే కొంచెం పులుపు గుణం ఉంటుంది. ఆ పులుపులో మరిగితే చక్కెర విరిగి గ్లూకోజు, ఫ్రక్టోజులుగా మారుతుంది. సున్నపు తేట పోసేది దాన్ని అడ్డుకోవడానికే. తక్కువైతే బెల్లం గట్టిపడదు, ఎక్కువైతే నల్లబడుతుంది. నురుగు పొంగి పెనం దాటబోతే కాస్త ఆముదం చిలకరిస్తారు, పొంగు చప్పున అణుగుతుంది.

నీరు తగ్గేకొద్దీ రసం మరిగే వేడి నూరు డిగ్రీలు దాటి పైకి పోతుంది. 105 దగ్గర ఆపితే పానకం, అంటే దోసెలోకి నంజుకునే జారుడు బెల్లం. దిమ్మ కట్టాలంటే 116 నుంచి 118 దాకా పోవాలి. చివరి పది డిగ్రీలలోనే కొంపలంటుకుంటాయి. చిక్కబడిన పాకం వేడిని లోపల పంచుకోలేదు, అడుగంటుతుంది. అందుకే పిప్పి వేయడం ముందే ఆపి, ఉన్న సెగతో లాక్కురావాలి. థర్మామీటరు లేని కాలం నుంచీ పరీక్ష ఒకటే: చన్నీళ్లలో చుక్క వేసి వేళ్ల మధ్య నలిపితే ఉండ కట్టాలి. సంక్రాంతికి అరిసెల పాకం పట్టిన ఏ ఇల్లాలికైనా ఇది చెప్పనక్కర్లేదు.

ఈ తర్కం బెల్లానికే పరిమితం కాదు. చలిదేశాల్లో ఉండే మనవాళ్ల ఇళ్లను వెచ్చబెట్టే గ్యాస్ బాయిలర్ మొరాయించినా మెకానిక్ ఇదే వరుసలో పోతాడు: గ్యాస్ వస్తోందా, ఫ్యాన్ గాలి తోస్తోందా, నిప్పురవ్వ పడుతోందా, మంట ఉన్నట్టు సెన్సర్‌కు తెలుస్తోందా, పొగ బయటికి పోతోందా. నీలిమంట పసుపుగా మారితే గాలి తక్కువైనట్టు అనుమానించాలి. అక్కడ దాన్ని పట్టించుకోకపోతే కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాలకే ముప్పు. కేటిల్ మరిగినట్టు బాయిలర్ గొణిగితే లోపల సున్నపు పొర పేరుకుందేమో చూడాలి. మన పెనం లోపల మాడి అంటిన చక్కెర పొర, అడుగున పట్టిన మసి చేసే పనీ అదే. వేడికి అడ్డు పడతాయి. వంటకూ వంటకూ మధ్య పెనం గోకడం బద్ధకించినవాడికి పిప్పి ఖర్చు పెరుగుతుంది.

అయితే బెల్లంలో బయటపడే ప్రతి లోపమూ పొయ్యిది కాదు. కొట్టిన చెరకు ఒక రోజు దాటి ఆడితే కోసిన కొసల నుంచే చక్కెర విరగడం మొదలవుతుంది. అలాంటి రసం ఎంత బాగా వండినా దిమ్మ తేమ పీల్చి జారిపోతుంది. 2014 అక్టోబరులో వచ్చిన హుద్‌హుద్ లాంటి గాలివాన తోటను నేలకు పడుకోబెడితే రసం నాణ్యతే మారిపోతుంది. చెరకును జడచుట్టి నిలబెట్టడం అందుకే. సముద్రం వైపు చవుడు నేలల్లో పండిన చెరకు బెల్లంలో ఉప్పదనం తగులుతుంది. 1913 నుంచి అనకాపల్లిలో ఉన్న వ్యవసాయ పరిశోధన కేంద్రం ఇటు 87ఎ298 లాంటి చెరకు రకాలూ, అటు బెల్లం తయారీ పద్ధతులూ రెండింటి మీదా పనిచేయడంలో అర్థముంది. రోగం ఏ గట్టున పుట్టిందో తెలియకుండా మందు వేయలేం.

నాకు కోపం తెప్పించేది హైడ్రోస్. సోడియం హైడ్రోసల్ఫైట్ పొడి కాస్త చల్లితే ఎర్రటి పాకం కళ్లముందే బంగారు రంగుకు తిరుగుతుంది. మడ్డి సరిగా తీయలేదన్న సంగతి, సున్నం ఎక్కువైన సంగతి, మంట మితిమీరిన సంగతి అన్నీ ఆ రంగు కింద దాగిపోతాయి. గంధకం అవశేషం మాత్రం తినేవాడి వంతు. పైగా ఆ మెరుపు నిలవ ఉండదు, కొన్నాళ్లకు దిమ్మ మళ్లీ నల్లబడుతుంది. వండేవాడు కూడా నష్టపోతాడు. పాకం రంగే అతనికి తప్పెక్కడ జరిగిందో చెప్పే గురువు, దాని నోరు తనే నొక్కేస్తున్నాడు.

కానీ తప్పంతా అతని మీద వేయడం కుదరదు. అనకాపల్లి మార్కెట్లో దిమ్మను మొదటి రకం, రెండో రకం, మూడో రకం అని విడదీసేటప్పుడు ముందు చూసేది రంగే. ఏటికొప్పాక చక్కెర మిల్లు ఆగిపోయాక ఈ చుట్టుపక్కల చెరకు రైతుకు బెల్లం పెనమే పెద్ద దిక్కైంది. పొయ్యి బాగుచేసుకుని, మడ్డి ఓపిగ్గా తీసి, మందు వేయకుండా వండినవాడి దిమ్మ తేనె రంగులో ఎర్రగా దిగుతుంది. దానికి రెండో రకం ధర పలికినంత కాలం, ఇంటికి కొంచెం ఎర్రబెల్లం విడిగా వండుకుని, మార్కెట్‌కు తెల్లది పంపే రైతును నేనైతే తప్పుపట్టలేను.