తుంగభద్ర గట్టున బృందావనాలు

ఐరోపాలో బెనెడిక్టైన్ సన్యాసి మఠంలో చేరేటప్పుడే ప్రమాణం చేస్తాడు, బతికినంతకాలం ఈ మఠం విడిచి పోనని. అందుకే అక్కడ చర్చి, దాన్ని ఆనుకుని నాలుగు వైపులా వసారాలున్న నడవ, భోజనశాల, పడకగది అన్నీ ఒక లెక్క ప్రకారం లేచాయి. మన మాధ్వ యతి ధర్మం దానికి తలకిందులు. చాతుర్మాస్యంలో తప్ప ఒకచోట నిలవకూడదు. పెట్టెలో పూజించే మూలరాముడి విగ్రహం, తాళపత్రాలు, శిష్యులు, వంటవాళ్లు, మఠమంతా స్వామి వెంటే నడుస్తుంది. ఇక కట్టడమంటూ లేచేది స్వామి నడక ఆగిన చోటే. అదే ఆయన సమాధి, బృందావనం.

దాని తీరు తులసికోటది. అడుగున వెడల్పాటి పీఠం, పైన తామరరేకుల వరస, నడుము దగ్గర సన్నబడి మళ్లీ పైకి విచ్చుకుంటుంది. తల మీద మట్టి, మట్టిలో తులసి. కొలతకు చెక్కిన రాళ్లను ఒకదానిమీద ఒకటి కూర్చోబెట్టడంలోనే ఉంది పనితనమంతా. మంత్రాలయానికి ఎగువన ఆనెగొంది దగ్గర తుంగభద్రలోని దిబ్బమీద తొమ్మిది బృందావనాలున్నాయి. మధ్వాచార్యుల శిష్యుడు పద్మనాభ తీర్థులది 1324 నాటిది. కృష్ణదేవరాయలు గురువుగా కొలిచిన వ్యాసరాయలది 1539 నాటిది, చెక్కడాల్లో దానికదే సాటి. 2019 జూలైలో నిధి ఉందనుకుని దొంగలు దాన్ని ఊడబెరికారు. వేరువేరు మఠాల స్వాములు, శిష్యులు పోగై చెదిరిన రాళ్లు ఏరి, రెండు రోజులు తిరక్కుండానే మళ్లీ నిలబెట్టారు. పేర్చిన కట్టడం కాబట్టి సాధ్యమైంది.

ఆ తొమ్మిదిలో సుధీంద్ర తీర్థులదీ ఉంది. ఆయన శిష్యుడే రాఘవేంద్రులు. 1621లో తంజావూరులో సన్యాసం పుచ్చుకుని, కుంభకోణం పీఠమెక్కి, ఊరూరూ తిరిగి చివరికి మన ఆదోని సీమకు వచ్చారు. అప్పుడు ఆదోని బిజాపూరు సుల్తానుల కింద సిద్ది మసూద్ ఖాన్ ఏలుబడిలో ఉంది. నవాబు మసూద్ ఖాన్ పెట్టిన మాంసం పళ్లెం స్వామి ముందు పూలూ పళ్లూ అయిందన్న కథ మనవైపు తెలియనివాళ్లు లేరు. నాకు ముచ్చటేసేది ఆ తర్వాతి కథ. కోరుకున్న సారవంతమైన ఊరు ఇస్తానని నవాబంటే, స్వామి మెరక భూముల మంచాలే (ఇప్పటి మంత్రాలయం) కావాలన్నారట. అది అప్పటికే ఒక ఖాజీకి ఇచ్చేసిన ఊరని చెప్పినా పట్టు వదల్లేదట. ఆదోని జామియా మసీదు కట్టించిందీ ఈ మసూద్ ఖానే. 1688లో మొగలు సైన్యం కోటను చుట్టుముట్టి ఫిరంగులు మసీదు వైపు తిప్పేసరికి, దానికి దెబ్బ తగలకూడదని కోట అప్పజెప్పాడని చెప్పుకుంటారు.

మంత్రాలయంలో దర్శనమయ్యాక చాలామంది పట్టించుకోకుండా దాటిపోయేది ఒకటుంది. మూలబృందావనం పక్కనే ఇంకో బృందావనం. నవాబు దివాను వెంకన్న మొదట స్వామి కోసం చెక్కించింది అదేనంటారు. ఇది నాకు కాదు, తర్వాత వచ్చేవారికి ఉంచమని చెప్పి, స్వామి మాధవరం దగ్గరి బండ ఒకటి చూపించారట. వనవాసంలో రాముడు కూర్చున్న బండ అది అని నమ్మకం. దాంతోనే మూలబృందావనం చేయించారు. 1671 శ్రావణ బహుళ విదియనాడు స్వామి అందులో కూర్చుని జపం మొదలుపెట్టారు. చేతిలో జపమాల కదలిక ఆగాక శిష్యులు చివరి పలకలు పేర్చి, 1200 లక్ష్మీనారాయణ సాలగ్రామాలున్న రాగి పెట్టె పైన ఉంచి మట్టి నింపారని సంప్రదాయం చెబుతుంది. పక్కన పెట్టిన మొదటి బృందావనం 1750 దాకా ఖాళీగానే ఉంది. ఆ ఏడు వాదీంద్ర తీర్థులు అందులో ప్రవేశించారు.

కాబట్టి ఇక్కడ మఠం రాయి చుట్టూ పెరిగింది. పూజ, దానికి అన్నదానం, దానికి ఇనాం భూములు, వచ్చేవాళ్లకు సత్రాలు. 1953 దాకా ఈ ఊరున్న ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది గనక కన్నడం ఈ వీధుల్లో పరాయి భాష కాదు. 2009 అక్టోబరు వరదలో ఊరూ మఠమూ మునిగాయి. ఇప్పుడు కనిపించే నడవాలు, మెరిసే గ్రానైటు చాలావరకు ఇటీవలివే. గుడ్డలు, వెండి, బంగారు కవచాల వెనక మూలబృందావనం అసలు రాయి కనిపించేదే తక్కువ. నాకైతే అది కొంచెం లోటే. శిల్పం మీద ఆసక్తి ఉన్నవాళ్లు నది దాటి అవతలి గట్టున బిచ్చాలికి కూడా పోవాలి. స్వామి చాలాకాలం ఉన్న ఊరది. శిష్యుడు అప్పణ్ణాచార్యులు ప్రతిష్ఠించిన ఏకశిలా బృందావనం అక్కడుంది. అది పేర్చింది కాదు, ఒకే బండలో తొలిచింది. జనం ఒత్తిడి తక్కువ గనక నిదానంగా చుట్టూ తిరిగి చూడొచ్చు.