ఎవరి చేతిలోనూ కాని ఓటమి

పత్రికలో ఆటల పేజీకి ఏళ్ల తరబడి పాయింట్ల పట్టికలు కట్టినవాణ్ని. ఆడినవి, గెలిచినవి, ఓడినవి. ఒక జట్టు గెలుపు గడిలో అంకె పెరిగితే ఇంకో జట్టు ఓటమి గడిలోనూ పెరగాలి. నిలువునా అడ్డంగా కూడి చూసుకుని, లెక్క సరిపోయాకే పేజీ వదిలేవాళ్లం. అందుకే అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ రికార్డుల దగ్గర నా బుర్ర మొరాయిస్తుంది.

నోటర్‌డామ్ యూనివర్సిటీ జట్టు 2012లో వరసగా 12 మ్యాచ్‌లు గెలిచింది. 2013 జనవరిలో టైటిల్ పోరులో మాత్రం అలబామా చేతిలో 42-14తో చిత్తయింది. ఆ తర్వాత బయటపడిన సంగతేమిటంటే, జట్టు ట్రైనర్ల దగ్గర పనిచేసే ఓ విద్యార్థిని కొందరు ఆటగాళ్లకు చదువు పనులు చేసిపెట్టింది. కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ 2016 నవంబరులో ఆ 12 గెలుపులనూ, తర్వాతి సీజన్‌లోని మరో తొమ్మిదింటినీ రద్దు చేసింది. 2018 ఫిబ్రవరిలో అప్పీలూ వీగిపోయింది. ఇప్పుడు అధికారిక పుస్తకంలో ఆ సీజన్ 0-1. గెలుపులన్నీ ఎగిరిపోయాయి, ఓటమి ఒక్కటే భద్రంగా ఉంది!

ఆ 12లో ఒకటి స్టాన్‌ఫర్డ్‌తో అక్టోబరు 13న జరిగింది. వాన. ఓవర్‌టైమ్‌లో నోటర్‌డామ్ 20-13 ఆధిక్యం. స్టాన్‌ఫర్డ్‌కు మిగిలింది ఆఖరి ప్రయత్నం. గోల్ గీత గజం దూరంలో ఉంది. వాళ్ల ఆటగాడు స్టెఫన్ టేలర్ బంతిని పొట్టకు హత్తుకుని మనుషుల గుట్టలోకి దూకాడు. గీత దాటాడా, లేదా? రిఫరీలు వీడియో చూసి మరీ దాటలేదన్నారు. స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఇప్పటికీ దాటాడనే అంటారు, అది వేరే గొడవ.

నోటర్‌డామ్ ఖాతాలోంచి ఆ గెలుపు తీసేశారు కదా, మరి స్టాన్‌ఫర్డ్ ఓటమి? అది అలాగే ఉంది. ఆ ఏడాది వాళ్ల లెక్క 12-2, ఈ మ్యాచ్‌ను కలుపుకునే. మ్యాచ్‌ను వదులుకున్నట్టు ప్రకటిస్తే అవతలి జట్టుకు గెలుపు వస్తుంది; రద్దు చేస్తే ఎవరికీ రాదు. అంటే స్టాన్‌ఫర్డ్ ఆ రోజు ఓడింది, ఎవరి చేతిలోనూ కాదు. ఇలాంటి పట్టిక నేను కట్టి ఉంటే మా డెస్క్ ఇన్‌ఛార్జి ముఖాన కొట్టేవాడు.

మోసాన్ని వెనకేసుకు రావడం లేదు. పరీక్షలు తప్పితే ఆడే అర్హత పోతుందన్న నియమం ఉన్నచోట హోంవర్క్ వేరేవాళ్ల చేత రాయించుకుంటే శిక్ష పడాల్సిందే. జరిమానా వెయ్యండి, స్కాలర్‌షిప్పులు కోయండి. పుస్తకం జోలికెందుకు?

పెన్‌స్టేట్ యూనివర్సిటీలో ఇంకా విడ్డూరం. మాజీ అసిస్టెంట్ కోచ్ శాండస్కీ పిల్లలపై చేసిన అఘాయిత్యాల కేసులో, 2012 జులైలో 112 గెలుపులు రద్దు చేశారు. వాటిలో 111 కోచ్ జో పటెర్నోవి; ఆయన లెక్క 409 నుంచి 298కి పడింది. 2015 జనవరిలో రాజీ కుదిరి మళ్లీ 409 అయింది. పటెర్నో 2012 జనవరిలోనే పోయారు. ఆ నేరాల తీవ్రతకు 409 అయితేనేం, 298 అయితేనేం?

నోటర్‌డామ్ పట్టిక నా చేతికొస్తే 12-1 అనే వేస్తాను. పక్కన చుక్క గుర్తు, అడుగున చిన్నక్షరాల్లో ఏం జరిగిందో, ఎవరు ఎప్పుడు రద్దు చేశారో మూడు లైన్లు. చోటు చాలదంటారా, అలబామా మ్యాచ్ ఫొటో కాస్త కుదించండి.