తిరిగొచ్చిన గొంతులకు చిన్న వేదికలు

1997 ఏప్రిల్ నెలాఖరు. అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రం, ప్రావిడెన్స్ నగరం. అక్కడ జరిగిన ఓ చిన్న సంగీతోత్సవంలో యాభై ఏళ్ల లాయరు ఒకాయన గిటారు పట్టుకుని వేదిక ఎక్కాడు. పేరు టామ్ రాప్. తోడుగా వాయిస్తున్నది ఆయన కొడుకు బ్యాండు ‘షై క్యాంప్’. రాప్ పాడటం మానేసి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. 1976లో ప్యాటీ స్మిత్ కచేరీకి ముందు పాడి, ఆ తర్వాత సంగీతానికి దణ్ణం పెట్టేశాడు. కాలేజీలో చేరాడు, లా చదివాడు, పౌరహక్కుల కేసులు వాదించుకుంటూ బతికాడు.

అరవైల్లో సైకడెలిక్ ఫోక్ విన్నవాళ్లకు ఆ పేరు తెలియకుండా ఉండదు. 1967లో ‘పర్ల్స్ బిఫోర్ స్వైన్’ బృందం ‘వన్ నేషన్ అండర్‌గ్రౌండ్’ అనే రికార్డు తెచ్చేనాటికి రాప్‌కు ఇరవై ఏళ్లు. అట్ట మీద హీరోనిమస్ బాష్ గీసిన నరకం, లోపల బాంజో, ఆర్గన్ల మధ్య కొంచెం నత్తిగా, తడబడుతున్నట్టు వినిపించే గొంతు. రికార్డు బాగానే అమ్ముడైంది. అయినా తన చేతికి డబ్బేమీ రాలేదని రాప్ చెప్పేవాడు. అలాంటి మనిషిని మళ్లీ పాడమని పిలిచింది పెద్ద కంపెనీ కాదు, ఒక చిన్న పత్రిక.

ఆ పత్రిక పేరు ‘టాలెమాయిక్ టెర్రాస్కోప్’. ఇంగ్లండులో ఫిల్ మెక్‌ముల్లెన్ సంపాదకుడిగా, ‘బెవిస్ ఫ్రాండ్’ పేరుతో పాటలు కట్టే నిక్ సాలొమన్ తోడుగా 1989లో మొదలైంది. మార్కెట్ పక్కన పెట్టేసిన సంగీతకారుల్ని వెతికి పట్టుకుని, వాళ్లతో పేజీల కొద్దీ మాట్లాడి అచ్చు వేయడం దాని పని. ఇలాంటి పత్రికకు డబ్బు కష్టాలు తప్పవు. ఆ కష్టాల్లోంచి గట్టెక్కించడానికి అభిమానులు, బ్యాండ్లు కలిసి పెట్టుకున్న విరాళాల పండుగే ప్రావిడెన్స్‌లో జరిగిన మొదటి ‘టెర్రాస్టాక్’. ఆ తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో, లండన్, సియాటెల్, బోస్టన్, మళ్లీ ప్రావిడెన్స్, చివరికి 2008లో లూయీవిల్. మొత్తం ఏడు సార్లు జరిగింది. రాప్ ప్రావిడెన్స్ వేదిక దిగి ఊరుకోలేదు. 1999లో ‘ఎ జర్నల్ ఆఫ్ ది ప్లేగ్ ఇయర్’ అనే కొత్త ఆల్బమ్ తెచ్చాడు. 2018లో కన్నుమూశాడు.

ఈ సంగీతానికి చిన్న వేదిక ఎందుకు అవసరమో తెలియాలంటే దాని పనితనం దగ్గరికి వెళ్లాలి.

బైరాగి తత్వం పాడేటప్పుడు ఏక్‌తార మీద ఒకే స్వరం ఆగకుండా మోగుతుంటే, పాట దాన్ని ఆనుకుని నడుస్తుంది కదా, సైకడెలిక్ ఫోక్‌కు ప్రాణం కూడా అలాంటి శ్రుతిలోనే ఉంది. ఇంగ్లండులో డేవీ గ్రాహమ్ అనే గిటారిస్టు అరవైల మొదట్లో మొరాకో వెళ్లి, అక్కడి ఊద్ వాద్యకారులతో కలిసి వాయించడానికి వీలుగా గిటారు తీగల్ని డి-ఏ-డి-జి-ఏ-డి వరసకు మార్చాడు. మామూలు వరసలో ఆరు తీగల్లో మూడింటిని ఒక్కో స్వరం కిందికి దింపితే చాలు. అప్పుడు కొన్ని తీగలు శ్రుతిలా మోగుతూ ఉంటాయి, మిగతా వాటి మీద రాగం కదులుతుంది. ‘ఇన్‌క్రెడిబుల్ స్ట్రింగ్ బ్యాండ్’ అనే బృందం ఇంకో అడుగు ముందుకేసి సితార్, ఊద్, గింబ్రీ, పిల్లనగ్రోవి తమ పాటల్లోకి తెచ్చింది. 1968లో వచ్చిన వాళ్ల ‘ది హ్యాంగ్‌మన్స్ బ్యూటిఫుల్ డాటర్’ వింటే ఈ పద్ధతి ఎంత దూరం పోగలదో అర్థమవుతుంది. మరుసటి ఏడాది వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో వాళ్లు శుక్రవారం రాత్రి వానలో వాయించం అన్నారు. వాళ్ల వంతు మెలనీ అనే గాయనికి వెళ్లింది. వీళ్లు శనివారం పగలు, ఎండలో, రాక్ హోరు కోసం చూస్తున్న జనం ముందు వాయించాల్సి వచ్చింది. లక్షల మంది ఉన్న మైదానంలో ఆ సంగీతానికి చోటు దొరకలేదు.

ఇందులో జనం తప్పేమీ లేదు. చెక్క గిటారు లోపల బోలు. పెద్ద మైదానానికి వినపడేలా స్పీకర్లు పెంచితే ఆ మోత తిరిగొచ్చి గిటారు పొట్టను కదిలిస్తుంది. ఆ కదలికను మైకు మళ్లీ పట్టుకుంటుంది, స్పీకరు దాన్ని ఇంకా పెంచుతుంది. రెండు క్షణాల్లో మైకు కూయడం మొదలవుతుంది. దాన్ని ఆపాలంటే గిటారు రంధ్రానికి రబ్బరు మూత బిగించాలి, లేదా మిక్సర్ దగ్గర కూర్చున్నవాడు కూస్తున్న స్వరాన్నే తగ్గించాలి. తగ్గించిన ప్రతిసారీ చెక్కలోని వెచ్చదనం కొంత పోతుంది. పైగా పక్క వేదిక డ్రమ్ముల అదురు ఇటు కొడుతూనే ఉంటుంది. రెండు మూడు వందల మంది కూర్చునే హాల్లో ఈ బెడద చాలావరకు ఉండదు, స్పీకర్లు అంతగా పెంచాల్సిన పనే లేదు.

ఇంకో సంగతి, పాటకీ పాటకీ మధ్య తీగలు మార్చుకోవడం. మార్చిన తీగ వెంటనే కుదురుకోదు. హాల్లో ఉక్క పెరిగినా, చలిగాలి తగిలినా సాగుతుంది, బిగుస్తుంది. గాయకుడు చెవి వంచి, మర ఒక్క వెంట్రుకవాసి తిప్పి, తీగ మీటి, మళ్లీ తిప్పుతాడు. ఒక నిమిషం పోతుంది. పెద్ద పండుగలో ఆ నిమిషంలో జనం ఇంకో వేదికకు వెళ్లిపోతారు. చిన్న పండుగలో కూర్చున్నవాళ్లకు ఆ నిమిషం కూడా కచేరీలో భాగమే. రాబోయే పాట ఏ శ్రుతిలో ఉంటుందో వాళ్లు అప్పుడే వింటారు.

వినేవాళ్లలో ఇలాంటి ఓపిక ఉన్నచోటే షర్లీ కాలిన్స్ గొంతు తిరిగి వచ్చింది. ఇంగ్లిష్ జానపద గానంలో ఆమెది పెద్ద పేరు. 1964లో డేవీ గ్రాహమ్‌తో కలిసి ‘ఫోక్ రూట్స్, న్యూ రూట్స్’ చేసింది ఆమే. డెబ్బైల చివర్లో కాపురం విచ్ఛిన్నమైన రోజుల్లో నోరు తెరిస్తే పాట రాని పరిస్థితి వచ్చింది. పాడటం మానేసి వేరే ఉద్యోగాలు చేసుకుంది. ‘కరెంట్ 93’ బృందానికి చెందిన డేవిడ్ టిబెట్ మాత్రం తమ కచేరీలో పాడమని ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నాడు. చివరికి 2014 ఫిబ్రవరిలో లండన్‌లోని యూనియన్ చాపెల్ అనే చర్చిలో ఆమె రెండు పాటలు పాడింది. అప్పటికి ఆమెకు 78 ఏళ్లు. గొంతు దిగింది, గరుకెక్కింది, మాట మాత్రం ముక్కుసూటిగా ఉంది. స్టూడియో అంటే బెరుకని ఇంట్లోనే రికార్డు చేసిన ‘లోడ్‌స్టార్’ 2016లో వచ్చింది. ముందటి ఆల్బమ్‌కూ దీనికీ మధ్య 38 ఏళ్లు.

వాష్టీ బన్యన్‌ది మరో దారి. ఆమె 1968లో గుర్రబ్బండి కట్టుకుని ఇంగ్లండు నుంచి స్కాట్లండ్ దీవుల వైపు బయల్దేరింది. ఆ దారిలో కట్టిన పాటలతో 1970లో ‘జస్ట్ అనదర్ డైమండ్ డే’ వచ్చింది. ఎవరూ కొనలేదు. ఆమె పాట వదిలేసి పిల్లల్ని, పశువుల్ని పెంచుకుంటూ ఉండిపోయింది. 2000లో ఆ రికార్డు మళ్లీ విడుదలైనప్పుడు కొత్త తరం దాన్ని గుండెకు హత్తుకుంది. తాను పాటలు కట్టడం కొనసాగించవచ్చా అని డెవెండ్రా బాన్‌హార్ట్ అనే కుర్రవాడు ఆమెను ఉత్తరం రాసి అడిగాడు. అతడే 2004లో ‘ఆర్థర్’ పత్రిక కోసం తన స్నేహితుల పాటలు ఏరి ‘గోల్డెన్ యాపిల్స్ ఆఫ్ ది సన్’ అనే సీడీ చేశాడు. వేసింది వెయ్యి కాపీలే. అందులో జోయానా న్యూసమ్, ఎస్పర్స్ ఉన్నారు, వాష్టీ గొంతూ ఉంది. 2005లో ఆమె రెండో ఆల్బమ్ ‘లుకాఫ్టరింగ్’ వచ్చింది. ముప్ఫై అయిదేళ్ల ఎడం తర్వాత.

ఈ ముగ్గురి కథల్లోనూ మళ్లీ పిలిచినవాళ్లు వ్యాపారులు కాదు, శ్రద్ధగా విన్నవాళ్లు. పత్రిక నడిపేవాడు, తానూ పాడేవాడు. పాత రికార్డు అరిగేదాకా విని, ఈ మనిషి ఇప్పుడెక్కడున్నాడని ఆరా తీసేవాడు. పండుగ నిర్వహణ అంటే టెంట్లు, టిక్కెట్లు, జనరేటర్లు అనుకుంటారు. ఎవరిని పిలవాలో తెలియడం వాటన్నిటికంటే ముందు రావాల్సిన విద్య, అది వినడంతోనే వస్తుంది.

వేల్స్‌లో ‘గ్రీన్ మ్యాన్’ పండుగను 2003లో జో బార్ట్‌లెట్, డానీ హేగన్ అనే సంగీతకారుల జంట మొదలుపెట్టింది. క్రెయిగ్-ఎ-నోస్ అనే కోటలో ఒక్కరోజు, సుమారు మూడు వందల మంది. ఇప్పుడు అది గ్లానస్క్ పార్కులో వేల మంది కదిలివచ్చే జాతర. ఎదగడం నేరం కాదు, ఎదిగాకా మంచి పాట వినిపిస్తోంది. కానీ మొదటి ఏడాది ఆ కోటలో వినగలిగిన నెమ్మదైన గొంతుకు ఇప్పుడు ప్రధాన వేదిక మీద చోటు కష్టం. అందుకే పెద్దవి ఎన్ని ఉన్నా చిన్నవి పుడుతూనే ఉండాలి.

మన దేశంలో ఆ పని అరుణాచల్ ప్రదేశ్‌లో జరిగింది. ‘మెన్‌హోపాజ్’ బ్యాండు గిటారిస్టు అనుప్ కుట్టి, స్థానికుడు బాబీ హనో కలిసి 2012లో జీరో లోయలో పండుగ పెట్టారు. వరి మళ్ల మధ్య, అక్కడి అపతానీ తెగవాళ్లు వెదుళ్లతో కట్టిన వేదికలు. ‘సోనిక్ యూత్’ రాక్ బృందానికి చెందిన లీ రనాల్డో, స్టీవ్ షెల్లీ అక్కడికొచ్చి వాయించారు. మణిపూర్‌లోని ఉఖ్రుల్ ప్రాంతపు గురు రూబెన్ మషాంగ్వా కూడా అక్కడ పాడాడు. తంగ్‌ఖుల్ నాగాల ఒంటితీగ వాద్యం టింగ్‌టెయిలాను, వెదురు వేణువు యాంకాహుయ్‌ని గిటారుతో శ్రుతి కలిసేలా ఏళ్ల తరబడి మలిచిన మనిషి. నాగా జానపదాన్ని బ్లూస్‌తో కలిపి పాడతాడు. 2021లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

మరుసటి ఏడాదే పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య తెలంగాణ వాడు. పన్నెండు మెట్ల కిన్నెర ఆయన చేతిలో ఉంది. మూడు సొరకాయ బుర్రలు, వెదురు బద్ద, సన్నని తీగలు. పండుగ సాయన్న, మియాసాబ్ కథలు దాని మీదే పాడతాడు. కిన్నెరది చిన్న మోత. పెద్ద సభలో స్పీకర్లకిస్తే బుర్రల్లోంచి వచ్చే ఆ గరగర పోయి తీగ టకటక మాత్రం మిగులుతుంది. సినిమా పాటతో ఆయన పేరు ఊరూరా తెలిసింది. ఆ తర్వాత ఆయన కూలి పనికి వెళ్తున్నాడన్న వార్త 2024లో వచ్చింది. మధ్యలో ఆయన గంటసేపు కూర్చుని తన కథ పూర్తిగా పాడే హాళ్లు ఎన్ని దొరికాయి?

హైదరాబాద్‌లో సొంత పాటలు కట్టుకునే ఇండీ కుర్రాళ్లకు కొదవ లేదు. బంజారాహిల్స్‌లో 2010 నుంచి నడుస్తున్న లామకాన్ లాంటి ఆవరణలూ ఉన్నాయి. అలాంటి చోట ఒక సాయంత్రం కిన్నెర, మరో సాయంత్రం శారద కథ, వాటి ముందో వెనకో ఒక కొత్త బ్యాండు పెట్టవచ్చు. రెండు వందల కుర్చీలు, చెక్క వాద్యాల సంగతి తెలిసిన ఒక సౌండ్ ఇంజనీరు, కళాకారులకు ముందుగా చేతికిచ్చే పారితోషికం. ఇంత పెట్టుకోగలిగిన మిత్రబృందాలు వరంగల్‌లో, విజయవాడలో, విశాఖలో కూడా ఉంటాయి. కిన్నెర వాయించేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు కాబట్టి మొదటి పిలుపు వాళ్లకే వెళ్లాలి.