‘మాక్‌బెత్’లో పదవులూ బిరుదులూ

షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ను తెలుగులో చెప్పేటప్పుడు థేన్, ఎర్ల్, లార్డ్ అనే మాటలన్నిటికీ ‘ప్రభువు’ అనేసి సాగిపోవడం కద్దు. ఇది చిన్న లోపమని నేను అనుకోను. ఈ నాటకంలో కథను నడిపేవి ఆ పేర్లే. వాటి తేడా చెరిగిపోతే మిగిలేది కొంత నెత్తురు, ముగ్గురు మంత్రగత్తెలు, ఒక దురాశాపరుడు.

మంత్రగత్తెలు మాక్‌బెత్‌ను మూడు పేర్లతో పలకరిస్తారు. గ్లామిస్ థేన్ పదవి తండ్రి పోవడంతో వచ్చింది. కాడర్ థేన్ పదవిని ఒక ద్రోహి దగ్గర ఊడబెరికి డంకన్ రాజు ఇస్తాడు. మూడవది రాచరికం. అది ఎలా వస్తుందో వాళ్లు చెప్పరు. ఇంతలో డంకన్ తన కొడుకు మాల్కమ్‌కు కంబర్లాండ్ యువరాజు అనే బిరుదు ఇస్తాడు. ఆ ఒక్క ప్రకటనతో హత్య ఆలోచన గట్టిపడుతుంది. మాక్‌బెత్ పదవుల్ని అరువు దుస్తులతోనూ, మరుగుజ్జు ఒంటిమీద రాక్షసుడి అంగీతోనూ పోల్చడం ఊరికే వచ్చింది కాదు.

థేన్ అనే మాటకు పాత ఇంగ్లీషులో సేవకుడనే అర్థం ఉంది. స్కాట్లండులో అతడు రాజు భూముల్ని చూసుకుంటూ పన్నులు రాబట్టే అధికారి. అతనికి ఎంతో పైన, ఒక్కొక్క ప్రాంతాన్ని ఏలే మోర్‌మేర్లు ఉండేవారు. 1040 నుంచి 1057 వరకు రాజ్యం చేసిన అసలు మాక్‌బెత్ మొరే ప్రాంతపు మోర్‌మేర్ల ఇంటివాడు. అంటే నాటకం అతణ్ణి మెట్లు దించి, మళ్లీ ఎక్కించింది!

నాటకం చివర మాల్కమ్ తన థేన్లందరినీ ఎర్ల్‌లుగా ప్రకటిస్తూ, స్కాట్లండులో ఈ గౌరవం ఇదే మొదలంటాడు. హోలిన్‌షెడ్ చరిత్ర గ్రంథం నుంచి వచ్చిన మాట ఇది. నిజానికి ఎర్ల్‌లు ఆ ఒక్కరోజున పుట్టలేదు. పాత మోర్‌మేర్లే క్రమంగా ఆ పేరు పొందారు. విమర్శకులు చాలామంది ఈ ముగింపులో ధర్మం తిరిగి నిలబడడాన్ని చూశారు. నాకు మాత్రం డంకన్ కాడర్ పదవిని పంచిపెట్టిన తొలి అంకమే మళ్లీ మొదలైనట్టు వినిపిస్తుంది. యుద్ధంలో గెలిపించినవాడికి పేరు ఇవ్వాలి. పేరు అందుకున్నవాడు ఇంకొకటి కోరకుండా ఉండాలి. ఆ రెండో షరతుకు హామీ ఇచ్చేవారెవరు?

బాంకోకు మంత్రగత్తెలు ఏ బిరుదూ ఇవ్వరు, అతని సంతతి రాజులవుతారంటారు. బాంకో కల్పిత పాత్రే. కానీ 1603లో ఇంగ్లండు సింహాసనమెక్కిన జేమ్స్ రాజు వంశం అతని నుంచే వచ్చిందని అప్పట్లో నమ్మేవారు. ఆ వంశం పేరు స్టూవర్ట్. రాజగృహం చూసుకునే స్టీవార్డ్ ఉద్యోగమే తరతరాలుగా ఉండి ఇంటిపేరైంది. ఆ ఇంటివాడే 1371లో రెండవ రాబర్టుగా రాజయ్యాడు. తమిళనాడులో, కర్ణాటకలో పెరిగిన మన విద్యార్థులకు ఇది వింత కాదు. నాయకుడనే పదవి నాయుడై పేర్ల చివర నిలవడం వాళ్లు రోజూ చూస్తున్నదే.

అందుకే అనువాదంలో థేన్‌ను థేన్‌గానే ఉంచాలంటాను. ‘సామంతుడు’ అంటే సొంత రాజ్యం ఉన్నవాడిలా ధ్వనిస్తుంది. ‘జమీందారు’ అంటే కాలమే మారిపోతుంది. కాడర్ పేరిట ఎర్ల్ బిరుదు నిజంగా ఏర్పడింది 1827లో, అదీ క్యాంప్‌బెల్ కుటుంబానికి.